ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష: ఒక అల్జీమర్స్ కేసు

ఎమ్మారై రిపోర్టు చివరి లైను కింద ఎర్ర పెన్నుతో రెండు గీతలు గీసి ఉన్నాయి. మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ రెండువైపులా బాగా కుంచించుకుపోయిందనీ, గ్రేడ్ 4 అనీ, ముదిరిన అల్జీమర్స్‌కు సరిపోతోందనీ ఆ లైను సారాంశం. గీతలు గీసింది కొడుకు. కాగితం నా ముందు పెట్టి, తల్లికి వినపడకుండా గొంతు తగ్గించి, "ఇంకెంత కాలం డాక్టరుగారూ?" అన్నాడు.

ఈలోగా ఆవిడ గదిలో ఉన్న రెండు కుర్చీల్లో ఫ్యాను గాలి తగిలేది చూసుకుని కూర్చున్నారు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "చాలాసేపు పడుతుందా డాక్టరుగారూ? ఐదింటికల్లా ఇంట్లో ఉండాలి" అని అడిగారు.

ముదిరిన అల్జీమర్స్‌లో మనిషి ఈ ప్రశ్న అడగలేరు. ఐదింటికి ఏదో పనుందని గుర్తుండాలి, ఇప్పుడెంతైందో తెలియాలి, ఇక్కణ్ణుంచి ఇంటికి ఎంతసేపు పడుతుందో అంచనా ఉండాలి. రిపోర్టుకీ ఎదురుగా కూర్చున్న మనిషికీ పొంతనే లేదు. ఈ కేసు రాయడానికి కారణం అదే. మూడేళ్ళకు పైగా ఆవిణ్ణి చూశాను. అందులో రెండుసార్లు స్కాన్ ఒకటి చెబితే మనిషి ఇంకొకటి చెప్పింది, అదీ ఒకసారి అటు, ఒకసారి ఇటు. రెండోసారి నేను కూడా తడబడ్డాను. గుర్తుపట్టడానికి వీల్లేకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

మొదట మనిషి

వయసు 71. ముప్ఫై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. మతిమరుపు మొదలై రెండేళ్ళు దాటింది. మొదట్లో అడిగిందే మళ్ళీ అడగడం, చెప్పిందే మళ్ళీ చెప్పడం. వయసు కదా అని ఎవరూ పట్టించుకోలేదు. ఏడాది కిందట ఒకే బిల్లు రెండుసార్లు కట్టారు, తర్వాతి నెల అసలు కట్టలేదు. ఆరు నెలల కిందట రోజూ నడిచే దారిలోనే మలుపు తప్పి గంటకు పైగా తిరిగారు. ఎవరో ఫోన్ చేస్తే కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు. అప్పట్నుంచి బ్యాంకు పనులు అతనే చూస్తున్నాడు. స్నానం, బట్టలు, భోజనం, బాత్రూం విషయాల్లో మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు.

జ్ఞాపకం, ధ్యాస లాంటివి ప్రశ్నలడిగి చూసే ఎం.ఎం.ఎస్.ఈ. పరీక్షలో 30కి 24 వచ్చాయి. ఎన్ని వచ్చాయన్నదాని కన్నా ఆ ఆరు ఎక్కడ పోయాయన్నది నాకు ముఖ్యం. తేదీ తప్పు, వారం తప్పు, ఎన్నో అంతస్తులో ఉన్నామో తెలియలేదు. వంద నుంచి ఏడేసి తీసేయమంటే మాత్రం ఆగలేదు. 93, 86, 79, 72, 65 దగ్గరికి పరీక్ష అయిపోతుంది. ఆవిడ 58, 51 అంటూ పోతుంటే నేనే "చాలండీ" అన్నాను. కానీ కాసేపటి ముందు చెప్పిన మూడు మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "అందులో ఒకటి పండు పేరు" అని అందించినా రాలేదు.

అందిస్తే గుర్తొచ్చే మతిమరుపు వేరు, అందించినా రానిది వేరు. మొదటి రకంలో సరుకు లోపలే ఉంది, తీయడానికి చెయ్యి అందడం లేదు. రెండో రకంలో సరుకు లోపలికి చేరనే లేదు. హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నప్పుడు కనపడేది ఈ రెండోదే. అంటే ఎమ్మారై కవరు తెరవకముందే ఎక్కడ చూడాలో తెలిసిపోయింది.

డిమెన్షియా తీవ్రతకు మేం ఎక్కువగా వాడేది సి.డి.ఆర్. స్కేలు. జ్ఞాపకం, దిక్కూ కాలం తెలియడం, నిర్ణయాలు, బయటి పనులు, ఇంటి పనులు, సొంత పనులు అని ఆరు విషయాల్లో పేషెంట్‌నీ దగ్గరివాళ్ళనీ విడివిడిగా అడిగి 0, 0.5, 1, 2, 3 అని వేస్తాం. ఆవిడకు 1 వచ్చింది. స్వల్ప స్థాయి అన్నమాట. బి12, థైరాయిడ్, సోడియం బాగానే ఉన్నాయి. డిప్రెషన్ లేదు.

ఆ 4 ఎక్కడిది?

హిప్పోక్యాంపస్‌కు 0 నుంచి 4 దాకా గ్రేడు వేసే పద్ధతి 1992లో ఫిలిప్ షెల్టెన్స్ బృందం ఇచ్చింది. కంటిచూపుతో వేసేదే, నిమిషం పట్టదు. అందుకే అంత వాడుకలోకి వచ్చింది, అందుకే అన్ని పొరపాట్లూ జరుగుతాయి.

ఈ భాగం మెదడులో కణతల వైపుండే టెంపొరల్ లోబ్ లోపలివైపు, ముందు నుంచి వెనక్కి పడుకున్నట్టు ఉంటుంది. దాని పొడవుకు సరిగ్గా అడ్డంగా కోసినట్టు తీసిన కరోనల్ స్లైసుల మీదే గ్రేడు వెయ్యాలి. 0 అయితే హిప్పోక్యాంపస్ నిండుగా, చుట్టూ ఖాళీ లేకుండా కూర్చుని ఉంటుంది. 1లో పైనున్న కోరాయిడ్ ఫిషర్ అనే సన్నటి చీలిక కాస్త తెరుచుకుంటుంది. 2లో పక్కనున్న టెంపొరల్ హార్న్ అనే నీటి గది కూడా వెడల్పవుతుంది. 3లో హిప్పోక్యాంపస్ ఎత్తే తగ్గుతుంది. 4కి వచ్చేసరికి మడతలు మడతలుగా కండ ఉండాల్సిన చోట సన్నటి పీలిక మిగిలి, మిగతాదంతా నల్లటి నీరే. వయసు కూడా చూడాలి. 75 లోపు వాళ్ళలో 2 నుంచి అసాధారణం అంటాం, ఆ పైబడితే 3 నుంచి.

సి.డి. తెప్పించి మా రేడియాలజిస్ట్ పక్కన కూర్చుని చూశాను. స్లైసులు 5 మిల్లీమీటర్ల మందం. స్కాన్‌లో ఉండగా ఆవిడ తల ఒక పక్కకి వాలింది, దాన్ని ఎవరూ సరిచేయలేదు. దాంతో ఒకే స్లైసులో కుడివైపు హిప్పోక్యాంపస్ నడుము దగ్గర తెగింది, ఎడమవైపు తోక దగ్గర తెగింది. తోక ఎవరికైనా సన్నగానే ఉంటుంది. పైగా మధ్యలో తల కదిలిన ఆనవాళ్ళు. కదిలిన స్కాన్‌లో మెదడు ఉన్నదాని కన్నా చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. ఆ రిపోర్టు రాసినవాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. 'మతిమరుపు' అన్న ఒక్క ముక్క రాసి స్కాన్‌కి పంపితే మామూలు తలనొప్పి ప్రోటోకాల్ చేసి పంపుతారు. అడగాల్సింది అడగకపోవడం పంపినవాళ్ళ లోపమే. నేనూ అలా పంపిన రోజులున్నాయి.

ఒక మిల్లీమీటర్ మందంతో, త్రీడీ టీ1 సీక్వెన్స్‌తో మళ్ళీ తీయించాం. స్లైసులను హిప్పోక్యాంపస్‌కు అడ్డంగా తిప్పి చూస్తే కుడివైపు 2, ఎడమవైపు 3. అసాధారణమే, అందులో సందేహం లేదు. కానీ 4 కాదు. వెనకవైపు పెరైటల్ భాగం 0 నుంచి 3 దాకా ఉండే కోడం స్కేలు మీద 1. తెల్లపదార్థంలో వయసుకు తగ్గ చుక్కలు, వాటిని 0 నుంచి 3 దాకా కొలిచే ఫజెకాస్ స్కేలు మీద 1. పాత స్ట్రోక్ గుర్తులు లేవు. ఒకే ఒక్క సూక్ష్మ రక్తస్రావపు చుక్క.

సాఫ్ట్‌వేర్ లెక్క కూడా వచ్చింది. ఎడమ హిప్పోక్యాంపస్ 2.40 సి.సి., కుడిది 2.80. ఎడమదాని పక్కన '4వ పర్సంటైల్' అని ఉంది. కొడుకు మొహం పాలిపోయింది. "నాలుగు శాతమే మిగిలిందా?" అన్నాడు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. అదే వయసు, అదే లింగం ఉన్న ఆరోగ్యవంతుల్ని వందమందిని వరసలో నిలబెడితే, వాళ్ళలో నలుగురికి మాత్రమే ఇంతకన్నా చిన్నది ఉంటుందని దాని అర్థం. మెదడులో నాలుగు శాతం మిగిలిందని కాదు. ఆ మాట రిపోర్టులోనే ఒక వాక్యంగా రాస్తే ఎన్ని ఇళ్ళల్లో ఏడుపులు తప్పేవో.

ఆవిడ స్క్రీన్ వైపు చూస్తూ అడిగారు. "నాలుక్కి ఎన్నొచ్చాయి నాకు?"

"ఒకవైపు రెండు, ఒకవైపు మూడు టీచరుగారూ."

"ఎక్కువొస్తే మంచిదా, తక్కువొస్తే మంచిదా?"

"తక్కువొస్తే."

"ఎక్కువ మార్కులొస్తే ఫెయిలయ్యే పరీక్ష ఇప్పుడే చూస్తున్నా" అన్నారు. కొడుకు ఆ గదిలో మొదటిసారి నవ్వాడు.

కుంచించుకుపోవడం వేరు, తీవ్రత వేరు

గ్రేడు సరిచేసినంత మాత్రాన ప్రశ్నకు జవాబు దొరకలేదు. హిప్పోక్యాంపస్ 3 ఉంటే జబ్బు ఎంత ముదిరినట్టు? సగటున చూస్తే కుంచింపుకూ తీవ్రతకూ సంబంధం ఉంది. సి.డి.ఆర్. 0.5 వాళ్ళ కన్నా 2 వాళ్ళలో హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంటుంది. కానీ అది గుంపు మాట. ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి సగటు చేతిలో నిలవదు. గ్రేడ్ 3తో వంటా వార్పూ చూసుకునేవాళ్ళున్నారు, గ్రేడ్ 1తో ఇల్లు గుర్తుపట్టనివాళ్ళున్నారు. ఈ రెండోవాళ్ళలో జబ్బు వెనకవైపు నుంచి మొదలై ఉండొచ్చు. పైగా హిప్పోక్యాంపస్ అల్జీమర్స్ ఒక్కదానికే కుంచించుకుపోదు. వయసు బాగా పైబడినవాళ్ళలో టి.డి.పి.-43 అనే వేరే ప్రొటీన్ వల్ల వచ్చే జబ్బులో అల్జీమర్స్ కన్నా ఘోరంగా కుంచించుకుపోతుంది, మనిషి మాత్రం చాలా నెమ్మదిగా జారతారు.

కాబట్టి ఎఫ్.డి.జి. పెట్ స్కాన్ చేయించాం. ఎమ్మారై ఇల్లు ఎంత కూలిందో చూపిస్తుంది, ఇది ఏ గదుల్లో దీపం వెలుగుతోందో చూపిస్తుంది. మెదడు కణాలు చక్కెరను ఎంత వాడుకుంటున్నాయో చూసే స్కాన్ కాబట్టి నాలుగు నుంచి ఆరు గంటలు ఖాళీ కడుపుతో రావాలి, రక్తంలో చక్కెర అదుపులో ఉండాలి. షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడు చేస్తే అచ్చం అల్జీమర్స్ లాంటి బొమ్మే వచ్చి మోసం చేయగలదు. ఇంజెక్షన్ ఇచ్చాక అరగంట మసక వెలుతురు గదిలో మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా పడుకోవాలి. టెక్నీషియన్ తొంగిచూస్తే ఆవిడ పెదాలు కదులుతున్నాయట. ఏంటమ్మా అంటే "పందొమ్మిదో ఎక్కం" అన్నారట. ఏమీ ఆలోచించకుండా ఎలా ఉండాలో ఆవిడకు అర్థం కాలేదు.

బొమ్మలో మెదడు వెనక మధ్యభాగం, అంటే పోస్టీరియర్ సింగులేట్, ప్రీక్యూనియస్, వాటితో పాటు రెండువైపులా టెంపొరల్, పెరైటల్ భాగాలు మందగించి ఉన్నాయి. ఎడమవైపు ఎక్కువ. చేతులూ కాళ్ళూ కదిలించే పట్టీ, చూపుకు సంబంధించిన భాగం మాత్రం వెలిగిపోతున్నాయి. ఇది అల్జీమర్స్ చేవ్రాలు లాంటిది. ముందువైపు ఫ్రంటల్ లోబ్ పెద్దగా తగ్గలేదు. జబ్బు ముదిరేకొద్దీ ముందువైపుకు కూడా పాకుతుంది కాబట్టి, తీవ్రత అంచనాకు నేను ముందుగా చూసేది అక్కడే.

అయినా ఒక ఇబ్బంది మిగిలింది. వెనక భాగంలో తగ్గుదల సి.డి.ఆర్. 1 ఉన్నవాళ్ళలో నేను మామూలుగా చూసేదాని కన్నా ఎక్కువగా ఉంది. ఈసారి స్లైసు వాలలేదు, షుగర్ సరిగ్గా ఉంది, తల కదల్లేదు. మెదడు నిజంగానే మనిషి కన్నా ముందు నడుస్తోంది.

దీనికి జవాబు ఆవిడ ఉద్యోగంలో ఉందని నా అభిప్రాయం. 1992లోనే యాకోవ్ స్టెర్న్ బృందం ఒక విషయం చూపించింది. పైకి ఒకే తీవ్రత ఉన్న అల్జీమర్స్ పేషెంట్లను పోల్చితే, ఎక్కువ చదువుకున్నవాళ్ళ మెదడులో పెరైటల్, టెంపొరల్ భాగాలకు రక్తప్రసరణ ఇంకా తక్కువగా ఉంది. అంటే లోపల జబ్బు ఎక్కువే, పైకి కనపడేది తక్కువ. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన బుర్రకు ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి ఉంటుంది. దీన్ని కాగ్నిటివ్ రిజర్వ్ అంటారు. దీనికో చేదు కొస కూడా ఉంది. ఆ పక్కదారులు కూడా అయిపోయాక దిగజారడం మొదలైతే, ఇలాంటివాళ్ళలో వేగంగా ఉంటుంది. కొడుక్కి ఇది దాచకుండా చెప్పాను.

పెట్ బొమ్మల రంగుల గురించి ఒక మాట. నీలం కనపడగానే ఇంట్లోవాళ్ళు "అక్కడ చచ్చిపోయిందా" అంటారు. నీలం అంటే తక్కువ అని మాత్రమే. రంగుల స్కేలు కాస్త అటూ ఇటూ జరిపితే అదే మెదడు పచ్చగానూ కనిపిస్తుంది. నేను ఇళ్ళల్లోవాళ్ళకు రంగుల బొమ్మలు చూపించడం మానేశాను.

"అమిలాయిడ్ స్కాన్ చేస్తే పక్కాగా తెలుస్తుందటగా?"

కొడుకు చదువుకుని వచ్చాడు. పక్కాగా తెలిసేది అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ఉందా లేదా అన్నది. ఎంత ఉందన్న ప్రశ్నకు అది సరైన స్కాన్ కాదు. అమిలాయిడ్ మతిమరుపు కనపడటానికి పదిహేను, ఇరవై ఏళ్ళ ముందే పేరుకోవడం మొదలవుతుంది. లక్షణాలు బయటపడే నాటికి దాదాపు నిండిపోయి, ఆ తర్వాత పెద్దగా పెరగదు. అందుకే స్వల్ప దశలో ఉన్న మనిషికీ మంచం పట్టిన మనిషికీ అమిలాయిడ్ బొమ్మ ఒకేలా ఉండొచ్చు. ఏ మతిమరుపూ లేని డెబ్బై ఏళ్ళవాళ్ళలో కూడా కొందరికి పాజిటివ్ వస్తుంది. తీవ్రతతో పాటు నడిచేది టౌ అనే ఇంకో ప్రొటీన్. అది హిప్పోక్యాంపస్ పక్కనే ఉండే ఎంటోరైనల్ కార్టెక్స్ దగ్గర మొదలై హిప్పోక్యాంపస్ మీదుగా మిగతా కార్టెక్స్‌లోకి పాకుతుందని 1991లో హైకో, ఇవా బ్రాక్ దంపతులు ఆరు దశలుగా చూపించారు. టౌ పెట్‌లో బతికున్న మనిషిలోనే ఆ పాకుడు కనిపిస్తుంది. అమెరికాలో దానికి 2020లో అనుమతి వచ్చింది. ఈ కేసులో మాకు అది అందుబాటులో లేదు.

అయినా అమిలాయిడ్ స్కాన్ చేయించాం. తీవ్రత కోసం కాదు, అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ లాంటి యాంటీబాడీ మందు ఇవ్వాలంటే అమిలాయిడ్ ఉందని రుజువు కావాలి కాబట్టి. పాజిటివ్ వచ్చింది. రెండు వారాలకోసారి డ్రిప్, మెదడులో వాపో రక్తస్రావమో వస్తోందేమోనని మధ్యమధ్యలో ఎమ్మారైలు, జబ్బు ఆగదు, నెమ్మదిస్తుంది అని వివరంగా చెప్పాక ఆవిడే వద్దన్నారు. మతిమరుపుకు వాడే డోనెపెజిల్ మాత్ర 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచాం.

ఫైల్లో నేను తీవ్రతను ఒక్క మాటలో రాయలేదు. మెదడులో జబ్బు మధ్యస్థం, రోజువారీ జీవితంలో స్వల్పం, రెంటికీ తేడా రిజర్వ్ వల్ల కావచ్చు అని విడివిడిగా రాశాను. 2024లో అల్జీమర్స్ అసోసియేషన్ తెచ్చిన ప్రమాణాలు కూడా జీవసంబంధమైన దశకు ఒక గుర్తు, లక్షణాల దశకు ఇంకో గుర్తు పెట్టి, రెండూ కలవకపోతే ఎందుకో వెతకమంటాయి.

పద్నాలుగు నెలల తర్వాత

ఒక సాయంత్రం ఫోన్. "అమ్మకి స్టేజ్ మారిపోయింది డాక్టరుగారూ. రాత్రిళ్ళు ఇది మా ఇల్లు కాదంటోంది. గోడ దగ్గర ఎవరో నిలబడ్డారంటోంది. రెండుసార్లు పక్క తడిపేసింది." నేను చెప్పకముందే దగ్గర్లో ఒకచోట ఎమ్మారై తీయించేశాడు. పాత స్కాన్‌తో పోలిస్తే కుంచింపు పెరిగిందని అందులో ఉంది.

ఇక్కడే నేను తప్పు చేశాను. రిజర్వ్ అయిపోతే వేగంగా పడిపోతారని నేనే చెప్పి ఉన్నాను కదా. ఆ కథ నా తలలో సిద్ధంగా ఉంది, రిపోర్టు దానికి అతికినట్టు సరిపోయింది. "జబ్బు ముదిరినట్టే ఉంది, రేపు తీసుకురండి" అన్నాను ఫోన్లో. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు చూస్తే ఎం.ఎం.ఎస్.ఈ. 15. కానీ మార్కుల కన్నా ఆవిడ తీరు వేరుగా ఉంది. మాట మధ్యలో కునుకు పడుతున్నారు, మళ్ళీ ఉలిక్కిపడి లేస్తున్నారు. నాలుక ఎండిపోయి ఉంది. వంద నుంచి ఏడు తీసేయమంటే 93 అని, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు. లెక్క రాక కాదు, ధ్యాస నిలవక. అల్జీమర్స్ ఈ దశలో జ్ఞాపకాన్ని తింటుంది గానీ, మూడు వారాల్లో ధ్యాసను ఇలా ముక్కలు చెయ్యదు.

అప్పుడు కొత్త స్కాన్ తీసి చూశాను. వేరే మెషీన్. అయస్కాంత బలం మాది 3 టెస్లా, దానిది 1.5. త్రీడీ సీక్వెన్స్ లేదు. ఒక ఏడాదిలో జబ్బు చేసే మార్పు కన్నా మెషీనూ పద్ధతీ మారితే వచ్చే తేడా ఎక్కువ ఉండొచ్చు. రెండు వేర్వేరు తక్కెళ్ళ మీద తూచి బరువు తగ్గిందని చెప్పినట్టే. మా మెషీన్ మీదే, పాత ప్రోటోకాల్‌తోనే మళ్ళీ తీయించాను. ఎడమ హిప్పోక్యాంపస్ 2.40 నుంచి 2.27కి, కుడిది 2.80 నుంచి 2.66కి తగ్గాయి. ఏడాదికి లెక్కేస్తే నాలుగున్నర శాతం చుట్టుపక్కల. అల్జీమర్స్‌లో సగటున ఏడాదికి ఐదు శాతానికి కొంచెం తక్కువ, వయసుతో మామూలుగా అయితే ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది. అంటే మెదడు అనుకున్న వేగంతోనే, నింపాదిగా మెట్లు దిగుతోంది. మనిషి మాత్రం మిద్దె మీంచి పడ్డట్టు పడిపోయారు. కొత్త స్ట్రోక్ లేదు, రక్తస్రావం లేదు.

ఈసారి స్కాన్ అసలు విలువ అదే. ఇక్కడేం లేదు, వేరేచోట వెతుక్కో అని చెప్పింది.

మందుల సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించమన్నాను. డోనెపెజిల్, బీపీ మాత్ర, బి12 మామూలుగా ఉన్నా ఎవరో చెప్పారని వేసుకుంటున్న విటమిన్లు, వాటి మధ్యలో ఒక కొత్త స్ట్రిప్, ఆక్సీబ్యూటినిన్. మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఐదు వారాల కిందట వేరే డాక్టరు రాశారు. తప్పు ఆయన ఒక్కడిదే కాదు. డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కొలిన్ అనే రసాయనాన్ని పెంచుతుంది, దాంతో కొందరిలో మూత్రాశయం కూడా చురుకై తొందర పెడుతుంది. ఆ మందు నేనే పెంచాను, మూత్రం సంగతి అడగలేదు. ఆ ఇబ్బందికి రాసిన ఆక్సీబ్యూటినిన్ అదే అసిటైల్‌కొలిన్‌ను అడ్డుకుంటుంది, మెదడులోకి కూడా వెళ్తుంది. నేను ఒక చేత్తో ఇస్తున్నదాన్ని ఆ మాత్ర ఇంకో చేత్తో లాగేసుకుంటోంది. దానికి తోడు మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్.

ఆక్సీబ్యూటినిన్ ఆపేశాం. ఇన్ఫెక్షన్‌కు మందిచ్చాం. డోనెపెజిల్‌ను 5కి దించాం. నాలుగో రోజుకి గోడ దగ్గర మనుషులు మాయమయ్యారు. మూడు వారాలకు ఎం.ఎం.ఎస్.ఈ. 21. అంటే 24 నుంచి 21, పద్నాలుగు నెలల జబ్బుకు దాదాపు సరిపోయే తగ్గుదల. అసలు జబ్బు తీసుకుంది మూడు మార్కులు, మాత్రా ఇన్ఫెక్షనూ తీసుకున్నవి ఆరు. ఆ రాత్రి నేను ఫోన్లో అన్న మాటకు కొడుక్కి క్షమాపణ చెప్పాను. "పోన్లెండి, స్కాన్ మళ్ళీ తీయించారు కదా" అన్నాడు. నిజానికి స్కాన్ కన్నా ముందు సంచి కుమ్మరించి ఉండాల్సింది.

మూడో ఏడాది

ఆ తర్వాత కొడుకు ప్రతి ఏడూ స్కాన్ అడిగేవాడు. ఒకసారి ఒప్పుకున్నాను, రెండోసారి ఒప్పుకోలేదు. ఎమ్మారైలో ఎడమవైపు 4కి చేరిందని తెలిస్తే నేను మార్చే మందేమీ లేదు. హఠాత్తుగా మార్పు వస్తేనో, పడిపోయి తలకు దెబ్బ తగిలితేనో, నడక మారితేనో వెంటనే తీయిస్తాను. మామూలుగా జారుతున్నప్పుడు స్కాన్ గదిలో ఆ చప్పుడు, ఆ ఇరుకు ఆవిడకు శిక్షే. రెండోసారి లోపలికి వెళ్ళినప్పుడే ఆవిడ చెయ్యి వదలమంటే వదల్లేదు.

దానికి బదులు అతనికి కొన్ని పనులు గమనించి రాసిపెట్టమని చెప్పాను. అల్జీమర్స్‌లో పనులు దాదాపు ఒక వరసలో పోతాయి. ముందు డబ్బు లెక్కలు, తర్వాత సందర్భానికి తగ్గ బట్టలు ఎంచుకోవడం, ఆ తర్వాత వాటిని తొడుక్కోవడం, స్నానం, ఆ పైన మూత్రం మీద అదుపు. చిన్నపిల్లలు నేర్చుకున్న వరసకు దాదాపు తలకిందులు. వరస తప్పి ఏదైనా ముందే పోయిందంటే అది అల్జీమర్స్ పనేనా అని అనుమానించాలి. ఆవిడ పక్క తడిపినప్పుడు నేను పట్టుకోవాల్సిన తీగ కూడా అదే. అప్పటికి ఆవిడ బట్టలు ఆవిడే ఎంచుకుని తొడుక్కుంటున్నారు.

పోయిన నెల వచ్చినప్పుడు అతని చేతిలో స్కాన్ కవరు లేదు. మడత పెట్టిన కాగితం ఉంది. పదో తారీఖు నుంచి చలిగా ఉన్నా పలుచటి బట్టలే తీస్తోంది అని ఒక లైను. పదిహేడున స్వెటర్ మీద రవిక తొడుక్కుంది అని ఇంకోటి. స్నానానికి ఇంకా సాయం అక్కర్లేదు, నీళ్ళు మాత్రం నేనే తోడి పెడుతున్నాను అని మూడోది. ఆవిడ పక్కనే కూర్చుని ఆ కాగితం వైపు చూస్తున్నారు. కొడుకు చేతిరాత చూసి "గుండ్రంగా రాయమని ఎన్నిసార్లు చెప్పాలి" అన్నారు, ఎవరి రాతో తెలిసి అన్నారో, తెలియక అన్నారో.

సి.డి.ఆర్. 2, మధ్యస్థం అని ఫైల్లో రాశాను. ఆ కాగితాన్ని పిన్ను కొట్టి దాని వెనక పెట్టాను.